అటక మీది పంజా

ఏలూరులో మా తాతల నాటి పెంకుటిల్లు కప్పు దించుతుంటే అటక మీద దొరికింది. ఇనుపది. చేతిలోకి తీసుకుంటే బరువు మణికట్టుకు తెలుస్తుంది. ముందు ఎనిమిది పళ్లు, ఒక్కొక్కటీ వేలంత పొడవు, కొసన కాస్త వంపు. వెనక జానెడు పిడి. తాపీ మేస్త్రి గుర్రాన్ని మాలీసు చేసే దువ్వెన అన్నాడు. కొల్లేటి ఒడ్డున పుట్టిన మా వదిన చేప పొలుసు గీసేదంది. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మా బావ పాత ఇనుము కింద తూకానికి వేసెయ్యమన్నాడు.

ముప్పై ఏళ్లు బళ్లో సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ణి, నాకు మనసొప్పలేదు. కిరసనాయిలులో గుడ్డ ముంచి తుప్పు తుడిచాను. పళ్ల కొసలు గరుకుగానే ఉన్నాయి గానీ, పంటికీ పంటికీ మధ్య సందులు గాజులా నున్నగా అరిగాయి. గుర్రాన్ని దువ్వినా చేపను గీసినా అరగాల్సింది కొసలు. సందులు అరిగాయంటే వాటి మధ్య ఏళ్ల తరబడి దారం నడిచిందన్న మాట. ఒక పంటి మొదట్లో తుప్పుతో కలిసి గట్టిపడిన నూగు కనిపించింది. సూదితో లాగితే ఎర్రటి ఉన్ని.

ఏలూరులో ఉన్ని అంటే తివాచీ, తివాచీ అంటే తంగెళ్లమూడి. అక్కడ ఎనభై దాటిన ఒక నేతగాడి చేతిలో పెట్టి, "ఇదేమిటి బాబాయిగారూ?" అన్నాను. ఆయన మాట్లాడకుండా పిడి పట్టుకుని గాల్లోనే రెండు దెబ్బలు కిందికి వేశారు.

"పంజా కదా మాస్టారూ. ఎవరిదో గానీ ఎడమచేతి వాటం మనిషి" అంటూ పిడి మీద బొటనవేలు ఆని పల్లం పడిన చోటు చూపించారు. నా కుడిచేతి బొటనవేలు అందులో ఇమడలేదు.

నిలువు మగ్గం మీద పడుగు నూలుది. దాని పోగులకు ఉన్ని ముడి వేసి, కొస కత్తితో తెంపుతారు. ఒక వరస ముళ్లు పూర్తయ్యాక అడ్డంగా పేక దారం తోస్తారు. అప్పుడు పంజా పళ్లు పడుగు పోగుల మధ్య దూర్చి, వరసను కింది వరస మీద కూర్చునేలా కొట్టాలి. దెబ్బ చాలకపోతే తివాచీ వదులు. ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా పడితే అల్లిన పువ్వు వంకర. అంగుళానికి ఆరేసి ముళ్లు అనుకున్నా, 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవున్న తివాచీకి 2 లక్షల 80 వేల దాకా ముళ్లు, 648 వరసలు. ప్రతి వరసకూ ఈ చివర నుంచి ఆ చివర దాకా పంజా దెబ్బ పడాల్సిందే.

పంజా అనేది పారశీకపు మాట. పంజ్ అంటే ఐదు, ఐదు వేళ్లది పంజా. పులి పంజా అన్నా, పీర్ల పండగలో ఊరేగే పంజా అన్నా ఆ మాటే. మచిలీపట్నాన్ని మనం పిలుచుకునే 'బందరు' కూడా అక్కడిదే, రేవు అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రేవు నుంచి పర్షియాకు ఓడలు నడిచాయి, పారశీక వర్తకులు బందరులో కాపురాలు పెట్టారు. ఏలూరు తివాచీ నేతగాళ్లు తమ పూర్వీకులు పర్షియా నుంచి వచ్చారని చెప్పుకుంటారు. పనిముట్టు పేరు చూశాక ఆ మాట నమ్మాలనే అనిపిస్తుంది నాకు.

1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఏలూరు తివాచీలు వెళ్లాయి. పేరొచ్చింది, దాంతో గిరాకీ వచ్చింది, గిరాకీ వెంట చౌకబారుతనమూ వచ్చింది. 1880లో భారతీయ చేతిపనుల మీద పుస్తకం రాసిన జార్జ్ బర్డ్‌వుడ్ మన పక్కనున్న మచిలీపట్నం తివాచీల గురించి బాధపడ్డాడు. ఒకప్పుడు దేశంలోకెల్లా మేలైన వాటిలో చేరేవి ఇంగ్లీషు వర్తకుల మూలంగా చెడ్డాయన్నాడు. వాళ్లే చవక సరుకు తెచ్చి నేతగాళ్ల చేతిలో పెట్టారట. తప్పు మగ్గం మీద కూర్చున్నవాడిది కాదని ఒక ఇంగ్లీషువాడే రాయడం నాకు చాలా ముఖ్యమనిపించింది, ఎందుకంటే పనితనం పోయిందని నిందించాల్సి వచ్చినప్పుడు మనం ముందు పనివాడి వైపే వేలు చూపిస్తాం.

ఇంటికొచ్చి పెరటి సావిడి గోడలు మళ్లీ చూశాను. నేలకు మూరెడు ఎత్తున రెండు గూళ్లు, వాటికి సరిగ్గా పైన, దూలాల కింద మరో రెండు. చిన్నప్పుడు మేం గోలీలు దాచుకునేవాళ్లం. మగ్గం దుంగలు దిగిన గుంతలవి. మా తాత ఆ సావిడి ఎవరికో అద్దెకిచ్చేవాడని నాన్న అనేవాడు, పేరు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఎర్ర నూగు కాగితంలో మడిచి మళ్లీ తంగెళ్లమూడి తీసుకెళ్లాను. ఆ పెద్దాయన దాన్ని తడిపి, భుజం మీది తెల్ల తువ్వాలు కొసన రుద్దారు. గులాబీ మరక పడింది.

"పొడి రంగు. వేళ్లూ బెరడులూ కాచి తీసింది కాదు" అన్నారు.

సీమ రంగులు పుట్టిందే 1856లో, లండన్‌లో పెర్కిన్ అనే కుర్రవాడి చేతిలో. పంజా అంతకన్నా పాతదై ఉండొచ్చు గానీ, దాంతో కొట్టిన ఆఖరి తివాచీ మాత్రం ఆ తరవాతిదే. పెద్దాయన తువ్వాలు ఉతకలేదు. మరక ఎన్నాళ్లుంటుందో చూస్తానని మడిచి పక్కన పెట్టుకున్నారు.