కన్నతల్లి జాబులు

తిట్టియు కొట్టియు బిడ్డలను లోబఱచుకొను తలిదండ్రులను లోకము సులభముగ గుర్తించి నిందించును. ప్రేమతోనే లోబఱచుకొనువారిని గుర్తించుట కష్టము. వారి ప్రేమ బూటకము కాదు. కాని యందు వంశప్రతిష్ఠను గూర్చిన యాశ పాలలో నీరువలె కలసిపోయి, ఏది ప్రేమయో యేది యాశయో వారికే తెలియకుండును. ఇట్టి హృదయమును శోధింప దలచువారికి ఆస్ట్రియామహారాణి మేరియా తెరీసా తన కడపటి కూతురగు మేరీ ఆంటోయినెట్టునకు వ్రాసిన జాబులకంటె మంచి సాధనము చరిత్రలో నరుదు.

మేరియా తెరీసా 1717లో జన్మించి, 1740 మొదలు 1780లో మరణించువఱకు ఆస్ట్రియా, హంగరీ, బొహీమియా దేశములను పాలించెను. ఆమె సింహాసన మెక్కిన సంవత్సరమే ప్రష్యారాజగు రెండవ ఫ్రెడరికు సైలీషియాసీమపై దండెత్తి దాని నపహరించెను. ఆ పరాభవము నామె యెన్నడును మఱవలేదు. ఆమె ప్రజ్ఞావతి, కార్యదక్షురాలు. ఆఱేండ్లు మొదలు పండ్రెండేండ్లవఱకు బాలబాలికలెల్లరు బడికి బోవలెనని 1774లో శాసించిన పుణ్యాత్మురా లామెయే. 1736లో తాను వలచిన లొరేనుప్రభువు ఫ్రాన్సిసునే పెండ్లాడి, పదునాఱుగురు బిడ్డలను గనెను.

తాను పొందిన యీ భాగ్యమును బిడ్డల కందఱకు బంచియిచ్చుట కామెకు మనసు రాలేదు. ప్రష్యాభయముచేత ఆస్ట్రియా 1756లో తన చిరకాలశత్రువగు ఫ్రాన్సుతో సంధి చేసికొనెను. ఫ్రాన్సున, స్పెయినున, నేపుల్సున, పార్మాయందు నేలుచున్నది బూర్బనువంశము. ఆ వంశముతో వియ్యమందినగాని సంధి నిలువదని రాణి తలచెను. ఇక కుమార్తెలు సంధిపత్రములకు ముద్రలైరి.

నేపుల్సురాజగు ఫెర్డినాండున కామె మొదట జొహన్నాను నిశ్చయించెను. ఆ బాలిక 1762లో మశూచికముచే మరణించెను. పిమ్మట జోసెఫాను నిశ్చయించిరి. పెండ్లికి తరలిపోవు తరుణమున, 1767 అక్టోబరులో, ఆమెయు మశూచికముచేతనే చనిపోయెను. 1768లో పదునైదేండ్ల కరోలీనా యదే వరుని కడ కంపబడెను. వరుడు మాఱలేదు, వధువులే మాఱిరి. కూతుండ్రకై తల్లి దుఃఖింపకపోలేదు. దుఃఖించుచునే తరువాతి కూతును సిద్ధపఱచెను.

ఇందఱిలో ఒక్కతెకు మాత్రము మనసునకు నచ్చిన వరుడు లభించెను. ఆమె క్రిస్టీనా. తల్లి పుట్టినదినముననే పుట్టినది. తల్లి మనసెఱిగి మెలగుటలో నేర్పరి. 1766లో నామె తాను కోరిన సాక్సనీరాకుమారుడు ఆల్బర్టును విశేషధనముతోడను, టెషెనుసంస్థానముతోడను పెండ్లాడెను. మూడేండ్లయిన పిదప, 1769లో, వేఱొక రాకుమారునిపై మనసుపడిన అమేలియాను ఇరువదిమూడవయేట పదునెనిమిదేండ్ల పార్మాప్రభువునకు బలవంతముగ గట్టబెట్టిరి. ఒకే యింట, ఒకే తల్లి కడుపున బుట్టిన యిద్దఱిలో ఒకరి కోరిక వరము, వేఱొకరి కోరిక యపరాధ మయ్యెను. అమేలియా పార్మాలో తల్లిమాట లక్ష్యపెట్టలేదు. అందులకు శిక్షగా తల్లి కొంతకాల మామెకు జాబులు వ్రాయుట మానెను. తోబుట్టువులచే గూడ మానిపించెను.

కడగొట్టుకూతురగు ఆంటోయినెట్టు 1755లో జనించెను. అన్నిటికంటె గొప్పదగు ఫ్రాన్సుసంబంధము నీమెకై యెంచిరి. పదుమూడవయేట నామె యే భాషలోను తప్పులు లేక వ్రాయజాలకుండెను. దేశములోని పిల్లలకు చదువు విధించిన తల్లి కన్నకూతురి చదువు నంతవఱకు గమనింపలేదు. సంబంధము స్థిరపడుసూచన కనబడగానే ఫ్రాన్సునుండి వెర్మాండను గురువు వచ్చెను. పలువరుస దిద్దుటకు దంతవైద్యుడును, తల దువ్వుటకు క్షురకుడును వచ్చిరి. పదునాలుగేండ్లు నిండిన యా బాలిక 1770 ఏప్రిలు 21వ తేదీని వియన్నా విడిచెను. మరల నామె పుట్టినిల్లు చూడలేదు.

బయలుదేఱునాడు తల్లి యామెచేతి కొక నియమపత్రము నిచ్చి, ప్రతిమాసము 21వ తేదీని దానిని జదువుకొనుమనెను. తన జాబులను చించివేయుమనియు, తానును కూతురి జాబులను చించివేసెదననియు జెప్పెను. ఆ జాబులు వియన్నాలో భద్రముగ నిలిచినవి. 1874లో వానిని పారిసున మూడు సంపుటములుగ నచ్చువేసిరి. కావుననే నేడు మనము చదువగలుగుచున్నాము.

పారిసులోని ఆస్ట్రియారాయబారి మెర్సీ ప్రభువు రాణికి రెండువిధములగు నివేదికలు పంపుచుండెను. ఒకటి మంత్రులును జూడదగినది; రెండవది యామె యొక్కతెకే యుద్దేశింపబడిన రహస్యపత్రము. కూతు రేమి మాటాడెనో, ఎప్పుడు గుఱ్ఱమెక్కెనో, జూదమున నెంత పోగొట్టుకొనెనో యన్నియు నందుండును. గురువు వెర్మాండును మెర్సీకి వార్తలందించుచుండెను. తల్లి వానినన్నిటిని జదివి, లోకులవలనను పత్రికలవలనను వినినట్లు వ్రాసి మందలించును. ఆ వేగు తనకు నమ్మకమైన మెర్సీయే యని కూతు రెఱిగినట్లు కనబడదు. మొదట లాలన, పిమ్మట నేపుల్సునందలి యక్కతో పోలిక, ఆపై తన ముసలితనము, తన కన్నీరు: జాబుల ధోరణి తఱచుగ నిట్లుండును. తల్లిని నొప్పించితినను భయమే కూతును నడిపించు పగ్గ మయ్యెను.

ఆ పగ్గ మెందుల కుపయోగపడెనో యొక యుదాహరణము చాలును. పదునైదవ లూయీరాజునకు మేడం డ్యూబారీ యను నుంపుడుకత్తె యుండెను. రాజు మనుమని భార్యయగు ఆంటోయినెట్టు వంశమర్యాదనుబట్టి యామెతో మాటాడ నిరాకరించెను. వియన్నాలో నీతిభ్రష్టులను శిక్షించుటకు ప్రత్యేకసంఘమును స్థాపించిన మేరియా తెరీసా దీని మెచ్చుకొనవలసినది. కాని యప్పుడు పోలండును పంచుకొను ప్రయత్నము సాగుచుండెను. లూయీరాజునకు కోపము వచ్చుట క్షేమము కాదు. కావున ఒక్కమాట యాడిన నేమి నష్టమని తల్లి కూతును గద్దించి వ్రాసెను. 1772 జనవరి 1వ తేదీని ఆ బాలిక డ్యూబారీని జూచి, నేడు వర్సేల్సులో జనము మిక్కుటముగ నున్నారని పలికెను. ఆ మాటకు యూరపు రాయబారు లందఱు చెవులు నిక్కించిరి. అదే సంవత్సరము పోలండు మొదటి విభాగము జరిగెను. బిడ్డకు తాను నేర్పిన నీతిని బిడ్డచేతనే తల్లి విడిపించెను.

తల్లి హెచ్చరికలు వట్టివని చెప్పరాదు. కూతురి విలాసములును, ఆమె తలపై నెత్తుగ నిలుచు నీకలును, జూదమును గూర్చి యామె చేసిన మందలింపు న్యాయమైనదే. 1775 జూలైలో, నీ యదృష్టము తాఱుమాఱు కావచ్చును, ఆలస్యముగ నీవు తెలిసికొందువు, అది చూచుటకు నేను బ్రతికియుండకుందునుగాక యని భావము వచ్చునట్లు వ్రాసెను. అంతటి దూరదృష్టి గల హితవాక్యము కూతురి హృదయమున నేల నాటలేదు? హితముతోబాటు వియన్నాప్రయోజనము నదే కలమునుండి వెలువడుచుండుటచేత ననవలెను. 1778లో బవేరియా వారసత్వమునకై యుద్ధము వచ్చినప్పుడు, భర్తచే తమకు సాయము చేయింపుమని పుట్టినింటివా రామెను వేధించిరి. ఆమె ప్రయత్నించెను, పదునాఱవ లూయీ వినలేదు. ఫ్రెంచి ప్రజలు మాత్ర మామెను ఆస్ట్రియాడుదియని యీసడించుటకు మఱియొక కారణము దొరకెను. కూతురును కాలక్రమమున తల్లికి సగము సత్యమే వ్రాయ నేర్చెను. అది సగమే యని తల్లి మెర్సీవలన నెఱుగును. పది సంవత్సరములు ప్రేమతో జాబులు నడచినవి. వానిలో నిజము మాత్రము నానాటికి సన్నగిల్లెను.

తల్లి 1780 నవంబరు 29వ తేదీని మరణించెను. పదుమూడేండ్లకు, 1793 అక్టోబరు 16వ తేదీని, విప్లవకారులు కూతురి శిరస్సును ఖండించిరి. ఆ విప్లవమునకు తల్లి జాబులు కారణము కావు. కాని పరదేశమున నత్తవారింట తనదియని చెప్పుకొనదగిన యొక్క నిర్ణయము చేయుట యా బాలికకు నేర్పినవా రెవ్వరును లేరు.

చదువరులారా! మన యిండ్లలో సామ్రాజ్యములు లేవు. సంబంధములు, ఉద్యోగములు, నలుగురిలో పేరు కలవు. "నీ మేలుకొఱకే" యను మాట మన నోటను తఱచుగ వచ్చును, కంటతడియు వచ్చును. ఆ మాట యెవరి మేలు కోరుచున్నదో తెలిసికొనుట కొక పరీక్ష కలదు. బిడ్డ వలదన్నప్పుడు మన ప్రేమ తగ్గుచున్నదా? క్రిస్టీనాకు దక్కిన వాత్సల్యము అమేలియాకు దక్కకపోయిన కారణమును మన మనసులలో వెదకికొనవలెను. మేరియా తెరీసా వంటి ధీమంతురాలు తన్ను తానీ ప్రశ్న యడిగికొనినట్లు ఆ మూడు సంపుటములలో నెచ్చటను గానరాదు. మన మడిగికొనవచ్చును; అందులకు సింహాసన మక్కఱలేదు.