చెల్లని షరతు

నేను మొదట చేరిన ప్రయివేటు కళాశాలలో నియామకపు కాగితంతోపాటు మరొక కాగితం మీద కూడా సంతకం చేయించుకున్నారు. ఉద్యోగం మానితే రెండేళ్ళపాటు ఆ ఊళ్ళో మరే కళాశాలలోనూ పాఠం చెప్పరాదని దాని సారాంశం. అసలు డిగ్రీ పత్రాలు వారి బీరువాలో ఉన్నాయి. పద్యానికి అన్వయం చెప్పడంలో వ్యాపార రహస్యమేమున్నదో నేటికీ నాకు బోధపడలేదు. అయినా భయపడ్డాను. జీతం పెరగకపోయినా మూడేళ్ళు కదలలేదు.

ఆ షరతు చెల్లదని తరువాత తెలిసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, మనిషి న్యాయమైన వృత్తి వ్యాపారాలు చేసుకోకుండా అడ్డగించే ఒడంబడిక ఆ మేరకు చెల్లదు. వ్యాపారాన్నే పేరుతో సహా అమ్ముకున్నవాని సంగతి వేరు. ఇంగ్లండులో షరతు సమంజసమా కాదా అని న్యాయమూర్తులు తూచి చూస్తారు. మన సెక్షనులో ఆ త్రాసు లేదు.

అయితే ఈ స్వేచ్ఛ మొదట ఎవరికి అందినది? 1874లో కలకత్తా హైకోర్టుకెక్కినవారు వర్తకులు. మాధవచంద్ర ప్రామాణిక్ తమ పేటలో కొట్టు మూసేస్తే, అతడు పనివాళ్ళకిచ్చిన బయానా సొమ్ము తాము చెల్లిస్తామన్నారు పోటీదారులు. మూశాక చెల్లించలేదు. ఒప్పందమే చెల్లదు గనుక సొమ్మూ రాదన్నారు ప్రధాన న్యాయమూర్తి కౌచ్.

ఆ బయానా అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల వర్తకుల నష్టం చూపి తెచ్చిన 1859 నాటి 13వ చట్టం అప్పటికి అమలులో ఉంది. బయానా పుచ్చుకుని పని మానివేసి, మేజిస్ట్రేటు ఆజ్ఞను కూడా మీరిన పనివానికి మూడు నెలల వరకు కఠినశిక్ష. కొట్టు యజమానికి స్వేచ్ఛ, అతని పనివానికి జైలు. రెండూ ఒకే ప్రభుత్వపు శాసనాలు. ఆ చట్టం రద్దుకు 1925 దాకా ఆగవలసివచ్చింది.

నేటి ఉద్యోగికైనా 27వ సెక్షను సంపూర్ణ రక్ష కాదు. 1967లో టైరు నూలు మిల్లు ఉద్యోగి ఒకరు అయిదేళ్ళ ఒప్పందం ముగియకముందే పోటీ కంపెనీలో చేరగా, మిగిలిన గడువు వరకు విధించిన నిషేధాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. మూడేళ్ళు నిండక మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు బాండు చెల్లుతుందని 2025లో చెప్పింది. యజమానికీ చిక్కులున్నాయి. సూపరింటెండెన్స్ కంపెనీ తాను తొలగించిన ఉద్యోగినే రెండేళ్ళ షరతుతో ఆపబోయి, 1980లో సుప్రీంకోర్టులో ఓడింది. రహస్యాలకు గోప్యతా షరతు వ్రాసుకోవచ్చు. మనిషినే కట్టివేయబోతే చేతిలో మిగిలేది చెల్లని కాగితం.

చెల్లకపోయినా కాగితం తన పని తాను చేస్తుంది. నేను మానేసిననాడు పత్రాలు తిరిగి ఇవ్వడానికి ఒక నెల జీతం పట్టుకున్నారు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు గుమాస్తా.