భద్రాచల సీమలో పక్షిదర్శనము

భద్రాచలమునకు బోవువారు రామదర్శనమునకు బోదురు. నేనును ఇదివఱ కెన్నియో మార్లు అట్లే పోయితిని. గడచిన పుష్యమాసమున మాత్రము పిట్టలను జూచుటకు బోయితిని. అఱువదియేండ్లు దాటిన పంతులు మెడలో దుర్భిణి వ్రేలాడదీసికొని, చెట్లకొమ్మల కేసి మొగమెత్తి తిరుగుట చూచి మా బంధువులు నవ్విరి. నవ్వవలసినదే. కాని ఆ నాలుగు దినములలో నాకు దెలిసిన సంగతు లొక చరిత్రగా నున్నవి. ఆ చరిత్రలో ఒక ప్రశ్న యింకను దీఱక నిలిచియున్నది. అందుచే దానిని శ్రోతలకు విన్నవించుచున్నాను.

నన్ను బిలిచినవాడు నా పూర్వశిష్యుడు. ఇప్పుడు ఖమ్మములో నొక కళాశాలయందు జంతుశాస్త్రము చెప్పుచున్నాడు. ప్రతి శీతకాలమున నలుగు రైదుగురిని వెంటబెట్టుకొని అడవిలో పక్షులను జూపించుట అతనికి వాడుక. "మాస్టారూ, మీరు మాకు చక్రవాకం గురించి గంటసేపు పాఠం చెప్పారు. ఎప్పుడైనా చూశారా?" అని యడిగెను. చూడలేదని యొప్పుకొనక తప్పినది కాదు. ముప్పదియేండ్లు కావ్యపాఠము చెప్పితిని. అమరకోశములోని సింహాదివర్గము బాల్యముననే వల్లెవేసితిని. కోకము, చక్రము, రథాంగము అని ఆ పక్షి పేళ్లు నిద్రలో లేపి యడిగినను జెప్పగలను. పక్షి యెదుట బడిన మాత్రము గుర్తింపలేను. చక్రవాకపు జంట రేయి విడిపోయి, ఏటికి చెఱియొక యొడ్డున నిలిచి యేడ్చునను కవిసమయమును వివరించి, ఇది కవుల కల్పన యని బోధించి, పక్షియు గల్పనయే యన్నట్లుగా పాఠము ముగించుచుంటిని.

ఖమ్మమునుండి కొత్తగూడెము మీదుగా పాల్వంచ చేరి, మొదటి రేయి కిన్నెరసాని జలాశయపు దాపున గడపితిమి. ఆ యడవి 1977 నుండి వన్యప్రాణుల రక్షితప్రదేశముగా నున్నది. తెల్లవారుజామున మంచు విడకమునుపే నీటియొడ్డునకు బోతిమి. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు మాకు బాగుగా నగపడినవి. ఇసుకదిబ్బపై నొక మొసలియు గనబడెను. దానిని జూచిన తరువాత నా దృష్టి పక్షులపై సరిగా నిలువలేదని చెప్పుట సత్యము. మఱునాడు బూర్గంపాడు వైపు గోదావరి యొడ్డునకు జేరితిమి.

మాకు దారి చూపినవాడొక కోయ. వయస్సు ఏబదికి దగ్గఱగా నుండును. మాటలు తక్కువ. నేను పాదుకలు చప్పుడు చేయుచు నడచుచుండగా నొకమాఱు వెనుకకు దిరిగి చూచెను. అంతటితో నాకు బుద్ధి వచ్చెను. పుష్యమాసపు గోదావరి సన్నగిలి, నడుమ నిసుకతిన్నెలు తేలియుండెను. అతడు చేయి చాచి, "అగో పంతులుగారూ, జంట" అనెను. దుర్భిణిలో జూచితిని. కావిరంగు మేను, పాలిపోయిన తల, నల్లని తోక. బాతుకంటె బెద్దదియు హంసకంటె జిన్నదియునైన పక్షి. రెండును ప్రక్కప్రక్కనే యిసుకలో నిలిచియుండెను. ఒకటి గొంతెత్తి కూసినది. ఆ కూతలో నిజముగనే యేదో దైన్యము గలదు. కవులు వినకుండ వ్రాయలేదని నా కప్పుడు తోచినది. నా శిష్యుడు నావైపు జూచి యేమియు ననలేదు. అది వాని మంచితనము.

"ఇవి దీపావళి దాటినంక వస్తయి, శివరాత్రి నాటికి పోతయి. యేడకు పోతయో మాకెర్క లేదు" అని ఆ కోయవాడు చెప్పెను. ఎక్కడికి బోవునో నా శిష్యుడు వివరించెను. లడాకు, టిబెట్టు పీఠభూములలోని సరస్సుల చెంత నవి గ్రుడ్లు పెట్టును. అక్కడ మంచు గడ్డకట్టు కాలమున మన వెచ్చని నదులకు దిగివచ్చును. తలపై రెండు నల్లచారలు గల పెద్దబాతు జాతి యొకటి హిమాలయమును దాటియే వచ్చునట. మేఘసందేశమున కాళిదాసు వర్షారంభమున హంసలను మానససరోవరమునకు బంపెను. దానిని గూడ మేము కవిసమయముల పట్టికలోనే చేర్చి చెప్పుచుంటిమి. చాల భాగమది కంటితో జూచినవారి మాట యని యిప్పుడు తెలియుచున్నది. పట్టికలు వ్రాసిన మాబోటివారే చూడనివారు.

ఇక చరిత్రకు వత్తును. ఆ చక్రవాకముల జంట నిలిచిన యిసుకతిన్నె కిరువైపుల నొక శతాబ్దమునకు దగ్గఱగా రెండు ప్రభుత్వము లుండెను. 1860వ సంవత్సరపు సంధిచే నైజాము ప్రభువు గోదావరి యెడమయొడ్డున గల సీమలను ఆంగ్లేయుల కిచ్చివేసెను. కుడియొడ్డున బూర్గంపాడు, పాల్వంచ నైజాములోనే నిలిచెను. ఎదుటి యొడ్డున భద్రాచలము పరాయి రాజ్యమయ్యెను. అది మొదట మధ్యపరగణాలలోని యెగువ గోదావరి జిల్లాలో నుండి, 1874లో చెన్నరాజధాని క్రిందికి వచ్చినది. ఉభయతీరములును ఖమ్మము జిల్లాలో గలిసినది 1959లో. మరల 2014లో పోలవరపు ముంపు కారణముగా భద్రాచలము పట్టణము తెలంగాణమున మిగిలి, చుట్టునున్న గ్రామములు ఆంధ్రప్రదేశమునకు బోయినవి. 2016లో పట్టణము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో జేరినది. ఒక మనిషి ఇల్లు కదలకుండ నాలుగు జిల్లాలలో బ్రదుకగల చోటిది.

ఆంగ్లేయులకు ఆ యొడ్డుపై నేల యాశ కలిగినది? నది కొఱకు. గోదావరిపై బడవలను మధ్యదేశపు ప్రత్తి సీమల వఱకు నడుపవలెనని వారి సంకల్పము. దుమ్ముగూడెము చెంత నానకట్టయు, కాలువయు నందుకే కట్టిరి. 1871లో ఆ పథకము మానివేసిరి. అదే సంవత్సరమున ఇల్లెందు చెంత విలియం కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు బొగ్గును గనుగొనెను, సింగరేణికి మూలమది. ఇట్లు నదికిని, రాళ్లకును వచ్చినవారిలో గొందఱు పక్షులను గూడ జూచిరి. వారిలో నొకడు విలియం బ్లాన్‌ఫర్డు. భూగర్భశాఖలో నుద్యోగి, సుత్తి యొక చేతను, తుపాకి యొక చేతను బట్టి తిరిగిన మనిషి.

ఇచ్చట మన కథకు ముఖ్యమైన పక్షి వచ్చుచున్నది. తెలుగున దానిని కలివికోడి యందురు. కలివి పొదల నడుమ దిరుగునది గనుక నా పేరు. నెల్లూరున వైద్యుడుగా నుండిన థామస్ జెర్డను దానిని మొదట శాస్త్రజ్ఞుల యెఱుకకు దెచ్చెను; 1848లో కలకత్తా నుండి ఎడ్వర్డు బ్లైతు దానికి శాస్త్రీయనామము పెట్టెను. ఆ నామమునకు రెండు కంఠహారములు గలదని యర్థము. జెర్డను దానిని నెల్లూరు, కడప సీమలలో నెఱిగెను. బ్లాన్‌ఫర్డు 1898లో ప్రకటించిన భారతపక్షుల గ్రంథసంపుటమున, అది సిరొంచ దగ్గఱను భద్రాచలము దగ్గఱను గూడ దనకు గనబడినదని వ్రాసెను. నా శిష్యుడు ఆ వాక్యము నాకు జూపించెను. రామదాసు కట్టించిన కోవెల పేరు కాక, భద్రాచలమను మాట యొక పక్షి కారణముగా లోకమున నిట్లు ముద్రింపబడినదని నే నంతవఱ కెఱుగను.

తరువాత నేమయ్యెను? 1900లో హోవర్డు కాంబెల్ అనంతపురము చెంత జూచెను. అటుపై దానిని జూచితి మన్నవారు లేరు. సాలిం అలీ మొదలైనవారు వెదకిరి గాని దొరకలేదు. ఇచ్చట నా కొక యూహ తోచుచున్నది. సాలిం అలీ 1931, 32 సంవత్సరములలో నైజాము రాజ్యమంతటి పక్షులను బరిశోధించి 1933, 34లలో బ్రకటించెను. దేశీయ సంస్థానములలో నాయన చేసిన యట్టి పనులలో నిదియే మొదటిది. అయిన నా రాజ్యపు హద్దు గోదావరితో నాగినది. చెన్నరాజధానిలోని తూర్పుకనుమల పరిశోధన వర్నే అను ధనికుని పేర వేఱుగా జరిగి, వేఱుగా ముద్రింపబడినది. సిరొంచయు, భద్రాచలమును రెండును ఎడమయొడ్డున నున్నవి. ఒక యడవి రెండు లెక్కలలో బడినది. చక్రవాకముల కడ్డుగాని హద్దు వాటిని లెక్కించువారి కడ్డమైనదని చెప్పవచ్చును.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దాపున, లంకమల యడవి యంచున, స్థానికుడైన వేటగానికి రేయి ఒక కలివికోడి చిక్కినది. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ ఆ పక్షి ఇదియే యని తేల్చెను. ఎనుబదియాఱేండ్లు పండితులు పగలు వెదకిరి, పక్షి రాత్రించరము. రేయి దీపము పట్టుకొని తిరుగు వేటగాండ్రకు దాని యునికి ఎప్పుడును దెలియును. ఆ యేటనే ఆగస్టు మాసమున గోదావరి భద్రాచలమున 75.6 అడుగుల కెక్కినది. ఇచ్చటివారికి 1986 అనిన ఆ వరదయే గుర్తు గాని కలివికోడి కాదు. 1988లో దాని బొమ్మతో తపాలాబిళ్ల వచ్చినది. తరువాత గడపలోను నది చూచుట కరుదైపోయినది.

మూడవనాడు సాయంకాలము మేము నదికి దూరముగా, మెట్టనేలలో ముళ్లపొదలు గల చోటికి బోతిమి. బ్లాన్‌ఫర్డు కాలమున నిట్టి నేల యెంతో యుండెను గాబోలు. ఇప్పుడు మిరప, ప్రత్తి, పొగాకు తోటల నడుమ తునుకలుగా మిగిలినది. ప్రొద్దు గ్రుంకినది. మాటలాడవలదని చెప్పి అందఱిని గూర్చుండబెట్టిరి. నేను చెవి యొగ్గి వింటిని. తీతువు పిట్ట యొకటి యఱచుచు మీదుగా బోయెను. పంచతంత్రమున సముద్రముపై గోపించిన టిట్టిభ మిదియే, కలివికోడికి దూరపుచుట్టము. పిదప నేదో రాత్రిపిట్ట దారిలోనుండి లేచి పోయెను. అంతకుమించి యేమియు లేదు. కలివికోడి బొమ్మను దీపముతో జూపి కోయవాని నడిగితిమి. చాలసేపు చూచెను. "మా తాత చెప్పిన పిట్టలల్ల ఇసొంటిది ఉన్నదేమో. నేను చూడలే. రాత్రిపూట పొలాలల్ల మేము ఇప్పుడు తిరగం" అనెను. చూచితినని చెప్పి మమ్ము సంతోషపెట్టుట అతని కెంత సులభము! అట్లు చెప్పనందున నా కతనిపై గౌరవము హెచ్చినది.

నాలుగవనాడు భద్రాచలమునకు సమీపముననే యున్న ఏటపాకకు బోతిమి. జటాయువు రావణుని నడ్డగించిన చోటిదని స్థానికుల నమ్మకము. ఇప్పుడది ఆంధ్రప్రదేశమున నున్నది. ఆకసమంతయు దుర్భిణితో వెదకితిమి. ఒక్క రాబందైన గనబడలేదు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అను మందు, చచ్చిన పశువు మాంసముతో రాబందుల కడుపున బడి, 1990ల నుండి దేశమున నూటికి దొంబదికి బైగా వానిని హరించినది. 2006లో పశువైద్యమున దానిని నిషేధించిరి. ఎగువను ప్రాణహిత తీరమున పాలరాపు గుట్టపై కొన్ని రాబందులు గూళ్లు పెట్టుచున్నట్లు 2013లో దెలిసినది. జటాయువు కథ ఇచ్చటి పిల్లలకు జెప్పునపుడు, రాబందనగా నెట్లుండునో ముందుగా బొమ్మలో జూపవలసి వచ్చుచున్నది.

రాబందు పోయినదని మన కెఱుక గలదు. కలివికోడి ఈ సీమలో బోయినదా, ఉన్నదా, యనునదే తెలియదు. ముందు చెప్పిన దీఱని ప్రశ్న యిదియే. పోలవరపు జలాశయమున 150 అడుగుల మట్టమున నీరు నిలిచినచో కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు, కుక్కునూరు ప్రాంతములలో జాల నేల మునుగును. అందు పొదలు గల మెట్ట యెంత కలదో, అందులో రేయి యెవరైన దీపము పట్టి వెదకిరో లేదో చూచుట నీరు రాకమునుపు చేయవలసిన పని. పెద్ద వ్యయము కాదు. నాలుగు శీతకాలములు, కొందఱు కోయ యువకులు, చేతిదీపములు చాలును.

గోదావరికి ఇరువైపుల నున్న శ్రోతలకు, ముఖ్యముగా రాత్రి చేలకు గావలి పోవువారికి, నా మనవి. పక్షి యొక జానెడు పొడవునకు గొంచెము హెచ్చు. గోధుమవన్నె. కంటిపై తెల్లని పట్టె, గొంతున నెఱుపు కలిసిన మచ్చ, రొమ్మున రెండు గోధుమరంగు పట్టెలు. ఎగురుటకంటె బరుగెత్తుటయే యెక్కువ. ప్రొద్దు గ్రుంకిన పిదప గొంతసేపు రెండు ముక్కలుగా నున్న చిన్నకూత పలుమార్లు కూయును. అట్టిది కనబడినను, వినబడినను, పట్టవలదు, వల వేయవలదు. చూచిన చోటును, దినమును, వేళను గుర్తుంచుకొని ఆకాశవాణి కేంద్రమున కొక యుత్తరము వ్రాయుడు. నా శిష్యుడు మఱునాడే బయలుదేఱును. అతనితో నేనును వత్తును.