మూలగాథలు – జాతీయ అస్మిత: మచిలీపట్నం, కృష్ణాతీర శ్రీకాకుళం నేపథ్యంలో ఒక పరిశీలన

1611లో ఈస్టిండియా కంపెనీకి చెందిన 'గ్లోబ్' నౌక మచిలీపట్నం రేవుకు చేరింది. తొమ్మిదేళ్ల తరువాత, 1620లో, అదే ఇంగ్లండు నుండి బయలుదేరిన 'మేఫ్లవర్' నౌక ఉత్తర అమెరికా తీరాన్ని తాకింది. రెండవ నౌక ఒక జాతి ఆవిర్భావగాథకు ఆరంభఘట్టమైంది. మొదటిది వర్తక చరిత్రలో ఒక తేదీగా మిగిలిపోయింది. సముద్రం మీద బతికిన పట్టణం తన మూలగాథను సముద్రంలో ఎందుకు వెతుక్కోలేదన్నది ఇక్కడి ప్రశ్న.

అమెరికా విషయంలోనూ మేఫ్లవర్ ఆది కాదు. 1607లోనే వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వెలసింది. 1619లో బందీలైన ఆఫ్రికన్లను ఆ వలసకు తెచ్చి అమ్మారు. పొగాకు లాభం, బానిసత్వం కలిసిన ఆ గతం కంటే, మతస్వేచ్ఛ కోరి వచ్చిన ప్లిమత్ యాత్రికుల కథ జాతికి గౌరవప్రదంగా తోచింది. 1820లో ప్లిమత్ ద్విశతాబ్ది సభలో డేనియల్ వెబ్‌స్టర్ చేసిన ఉపన్యాసం ఆ కథకు ప్రతిష్ఠ కల్పించింది. 1863లో అంతర్యుద్ధం నడుమ లింకన్ జాతీయ కృతజ్ఞతాదినాన్ని ప్రకటించాడు. ఆ ప్రకటనలో యాత్రికుల ప్రస్తావనే లేదు. ఆ రెండింటినీ జోడించినవి తరువాతి తరాలు. ఆ నేల మీద అంతకుముందే ఉన్న వాంపనోగ్ ప్రజలు ఆ కథలో అతిథులకు ఆహారమిచ్చిన సహాయపాత్రలుగా కుదించుకుపోయారు.

మచిలీపట్నం ముందు కూడా ఇటువంటి ఎంపిక ఉండింది. టోలెమీ పేర్కొన్న మైసోలియా, గోల్కొండ సుల్తానుల రేవు, పారశీక వర్తకులు, డచ్చి సమాధులు, కలంకారీ వస్త్రాలు: వీటితో ఒక ఘనమైన సముద్రగాథను అల్లవచ్చు. అయితే ఆ గతమంతా సుల్తానులతో, కంపెనీలతో ముడిపడి ఉంది. పరపాలనను ధిక్కరించదలచినవారికి అది ఆదిపర్వం కాజాలదు. వారి దృష్టి రేవు నుండి నదీతీరానికి, ఘంటసాల సమీపంలోని శ్రీకాకుళానికి మళ్లింది.

అక్కడ వెలసిన ఆంధ్రమహావిష్ణువు గాథ 1816లో అచ్చయిన ఏ.డి. కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణ పీఠికలో నమోదైంది. సుచంద్రుని కుమారుడైన ఆంధ్రవిష్ణువు నిశుంభుడనే రాక్షసుని వధించాడు. శ్రీశైలం, భీమేశ్వరం, కాళేశ్వరం క్షేత్రాలను మహేంద్రగిరితో కలుపుతూ మహాకుడ్యం కట్టి, మూడు ద్వారాలలో త్రినేత్రుని లింగరూపంలో నిలిపాడు. త్రిలింగ శబ్దానికి ఇది వ్యుత్పత్తి కథ. అదే గ్రంథంలో దక్షిణాది భాషలు సంస్కృతజన్యాలు కావని నిరూపించిన ఎల్లిస్ వ్యాసం కూడా ఉండటం విశేషం. భాషాశాస్త్ర ప్రమాణమూ పురాణమూ ఒకే సంపుటంలో పక్కపక్కన నిలిచాయి. తరువాతి శతాబ్దపు ఆంధ్రోద్యమానికి ఆ రెండూ అవసరమయ్యాయి.

ఈ గాథకు సాహిత్య ప్రామాణ్యం ఆముక్తమాల్యద వల్ల కలిగింది. కళింగ దండయాత్ర సందర్భంలో శ్రీకాకుళంలో ఏకాదశి ఉపవాసమున్న కృష్ణదేవరాయలకు స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రచించమన్నాడని అందులో ఉంది. తెలుగు మేటి భాష అన్న అక్కడి ప్రశంస ఆధునిక యుగంలో నినాదమైంది. ఆ మాట అంతకుముందే క్రీడాభిరామంలో ఉన్నది. పైగా కలలోని దైవం తనను తెలుగురాయనిగా చెప్పుకొంటూ, ఎదుట ఉన్న రాజును కన్నడరాయా అని సంబోధిస్తాడు. అది రెండు భాషల మధ్య సంభాషణ. నినాదంగా మారేటప్పుడు అందులో ఒక భాష జారిపోయింది.

ఆ మార్పు జరిగిన కాలంలో మచిలీపట్నం ఒక బౌద్ధిక కేంద్రం. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. 1907 నుండి ముట్నూరి కృష్ణారావు దాని సంపాదకుడు. 1910లో కోపల్లె హనుమంతరావు తదితరులు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం వెలువడిందీ ఆ ఏడాదే. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. పట్టాభి సీతారామయ్య ప్రభృతుల కృషితో 1918లో కాంగ్రెసుకు ప్రత్యేక ఆంధ్రశాఖ ఏర్పడింది. రాష్ట్రం కోరేవారికి కావలసింది ఎల్లలు. ఆంధ్రవిష్ణువు గాథలో ముఖ్యమైనది నిశుంభవధ కంటే ఆ గోడే అనిపిస్తుంది. అది పటాలు లేని కాలపు పటం. చరిత్ర పరిశోధన దానిని బలపరచలేదు. శాతవాహనుల ప్రసిద్ధ తొలి శాసనాలు నానాఘాట్, నాసిక్‌లలో, అంటే మహారాష్ట్రలో లభించాయి. అయినా శ్రీకాకుళమే వారి తొలి రాజధాని అన్న వాదం చాలాకాలం నిలిచింది. ఆధారం బలహీనమైనా అవసరం బలమైనది.

స్థానిక భక్తుల దైవం మాత్రం వేరు. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో స్వామిని నిందాస్తుతితో ఎత్తిపొడుస్తాడు, సొంత ఇంటి పెద్దతో తగవులాడినట్లు. ఆ చనువుకు జాతి ప్రతీకలో చోటు లేదు.

రేవు ప్రజల అనుభవానికీ చోటు దొరకలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచింది. సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమ మళ్లీ మునిగింది. గిలకలదిండి మత్స్యకారులు నేటికీ ఆ సముద్రం మీదే వేటకు వెళుతున్నారు. కాంప్‌బెల్ నమోదుచేసిన గాథలో గోడకు ఉన్నవి మూడే ద్వారాలు: శ్రీశైలం, కాళేశ్వరం, భీమేశ్వరం. రేవు వైపు ద్వారం లేదు.