ఇంటి గోడపై గ్రామచరిత్ర

గ్రామచరిత్ర యనగానే శాసనములు, దేవాలయములు, జమీందారుల వంశావళులు స్ఫురించుట పరిపాటి. కాని ఉండి, ఆకివీడు, భీమవరము పరిసరములందలి పాత లోగిళ్లలో చెక్కచట్రములలో వ్రేలాడు ఛాయాచిత్రములు కూడ చరిత్రసాధనములే. శాసనము దానమిచ్చిన ప్రభువు పేరు చెప్పును. ఛాయాచిత్రము నాగలి పట్టిన రైతు ముఖమును చూపును. ఆ ముఖములు నేడు మాయుచున్నవి. వానిని గుర్తింపగల వృద్ధులును ఒక్కొక్కరుగా కనుమరుగగుచున్నారు.

ఇండ్లలోని ఆధారములను వెదకి చరిత్ర కెక్కించు పని ఈ సీమకు క్రొత్తది కాదు. ఏలూరివారైన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య మున్నగువారు కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కొలువున చేరి, ఊరూర కరణముల దఫ్తరములను, తాటాకు ప్రతులను, వృద్ధుల నోటిమాటలను సేకరించిరి. 1803లో బొర్రయ్య చిన్నవయసుననే మరణింపగా లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. కైఫియతులని పేరొందిన గ్రామవృత్తాంతములు అట్టి శ్రమకు ఫలము. పిమ్మట ఆ కాగితములు శిథిలమగుచుండుట చూచి సి. పి. బ్రౌను (1798–1884) వానికి ప్రతులు వ్రాయించెను. తాటాకు గ్రంథముల విషయమున పూర్వులు అనుసరించిన మార్గమును ఇదియే. ఆకు చివుకుచున్నదని కనిపెట్టినపుడు క్రొత్త ఆకుపై ఎత్తి వ్రాయించెడివారు. మూలము నశించుటకు ముందే ప్రతి సిద్ధమై యుండవలెనన్నది వారి నియమము. నేడు ఛాయాచిత్రమును స్కాను చేయుట ఆ వ్రాయసగాని పనికి నూతనరూపమే.

ఛాయాచిత్రము తెలుగువారి ఇండ్లకు చేరుటకు చాలకాలము పట్టినది. 1839లో ఫ్రాన్సుదేశమున డాగేరు కనిపెట్టిన విధానము లోకమునకు వెల్లడియైనది. 1856లో మదరాసున ఛాయాచిత్రకారుల సంఘము వెలసినది. 1880వ దశకమున లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, నిజాము ఆస్థానమున ప్రసిద్ధికెక్కెను. ఆ దినములలో చిత్రము తీయించుకొనుట రాజులకు, దొరలకు, ధనికులకే చెల్లినది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై డెల్టాలో పంట పెరిగెను. 1928లో గుడివాడ, భీమవరముల నడుమ రైలుమార్గము ఏర్పడెను. చేతిలో కొంత ధనము, పట్టణమునకు సులభమైన ప్రయాణము సమకూడిన పిమ్మట స్టూడియో పల్లెవాసికి దగ్గరయ్యెను. రంగులు వేసిన తెర ముందు కుర్చీలో ఇంటి పెద్ద, ప్రక్కన నిలుచున్న ఇల్లాలు, కాళ్లకడ పిల్లలు, కదలరాదన్న ఆజ్ఞచే బిగుసుకొనిన ముఖములు: ఆనాటి చిత్రములలో తరచుగా కానవచ్చు దృశ్యమిది. 1960లో ఉదకమండలమున స్థాపింపబడిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ ‘ఇందు’ పేరుతో ఫిల్మును స్వదేశముననే తయారుచేసినది. ఆ సంస్థయు నేడు మూతపడినది. ఫిల్ముపై తీసిన చిత్రములు మాత్రము ట్రంకుపెట్టెలలో మిగిలియున్నవి.

కొల్లేటికిని సముద్రమునకును నడుమనున్న ఈ పల్లపుసీమలో ఛాయాచిత్రమునకు ప్రథమశత్రువు తేమ. నలుపు తెలుపు చిత్రమున కాగితముపై జెలటిన్ అను పలుచని పొరయు, ఆ పొరలో సన్నని వెండి కణములును ఉండును. వానకాలమున ఆ పొర తేమను పీల్చి ఉబ్బును, బూజునకు ఆహారమగును, చట్రములోని అద్దమునకు అంటుకొనును. వర్ణచిత్రములలోని రంగులు వెలుతురుకును వేడికిని వెలిసిపోవును. అందుచే 1980 ప్రాంతపు పెండ్లి ఫొటో కొన్ని యెడల 1940 నాటి నలుపు తెలుపు ఫొటోకంటె ముందుగా పాడగుచున్నది. జిగురుపుటల ఆల్బములును, వెనుక అంటించిన అట్టలును, పురుగులును తమవంతు హాని చేయుచునే యున్నవి. వీనికి తోడు జలప్రళయములు. 1977 నవంబరు 19నాటి ఉప్పెన దివిసీమను, 1986 ఆగస్టునాటి గోదావరి వరద నదీతీర గ్రామములను ముంచినవి. ఇల్లు మరల కట్టుకొనవచ్చును. ధాన్యము మరల పండించుకొనవచ్చును. రెండవ ప్రతి లేని తల్లిదండ్రుల చిత్రము నీటిపాలైనచో దానిని తిరిగి సంపాదించు ఉపాయము లేదు.

అంతకంటె పెద్దనష్టము నిశ్శబ్దముగా జరుగుచున్నది. చిత్రము నిక్షేపముగా నున్నను అందలివారి పేర్లు తెలిసినవారు లేనిచో అది అపరిచితుల గుంపు మాత్రమే. కనుక యంత్రమునకు ముందుగా పెద్దలకడకు పోవలెను. కుడి యెడమల వరుసలో ఎవరెవరు, ఏ సందర్భము, ఏ ఊరు, ఏ సంవత్సరమని అడిగి పుస్తకమున వ్రాసికొనవలెను. చిత్రము వెనుకనున్న వ్రాతయు, స్టూడియో ముద్రయు విడువరానివి. 1904లో భీమవరము తాలూకా కృష్ణాజిల్లాలో చేర్పబడి, 1925లో పశ్చిమగోదావరి జిల్లాలోనికి వచ్చినది. కావున ఈ ప్రాంతపు చిత్రము వెనుక “కృష్ణాజిల్లా” అని యున్నచో అది ఆ రెండు సంవత్సరముల నడుమ కాలపుదని ఊహింపవచ్చును. 2022లో ఏలూరు ప్రత్యేకజిల్లాయై, భీమవరము పశ్చిమగోదావరికి ముఖ్యపట్టణమైనది. నేటి వ్రాతలకుసైతము ముందుముందు ఇట్టి వివరణ అవసరమగును.

చిత్రమును చుక్కలుగా మార్చి కంప్యూటరునకు చూపిన మొదటివారిలో రస్సెల్ కిర్ష్ ముఖ్యుడు. 1957లో ఆయన అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థలో తన మూడునెలల కుమారుని ఫొటోను స్కాను చేసెను. అడ్డముగా 176, నిలువుగా 176, మొత్తము 30,976 చుక్కలు మాత్రమే ఆ చిత్రమున నుండెను. రాజుల చిత్రమును గాని, మహానగరముల చిత్రమును గాని గాక, ఒక తండ్రి తన బిడ్డ చిత్రమును ఎంచుకొనుట గమనింపదగినది. ఈ విద్య పుట్టినదే కుటుంబచిత్రముతో.

స్కానునకు ముందు చిత్రమును సిద్ధపరచుటలో తొందర పనికిరాదు. చేతులు కడిగి, బాగుగా ఆరిన పిమ్మట అంచులు మాత్రమే పట్టుకొనవలెను. మెత్తని కుంచెతో దుమ్మును మెల్లగా తొలగింపవలెను; నీటితోగాని తడిగుడ్డతోగాని తుడువరాదు. పెద్దల పటములకు పెట్టిన గంధము, కుంకుమ అద్దముపైననే యుండును గాన, చిత్రము అద్దమునకు అంటుకొనని యెడల చట్రము విప్పి దానిని వెలికి తీయవచ్చును. అంటుకొనియున్నచో లాగరాదు, లాగినచో ముఖమే అద్దముపై నిలిచిపోవును. అట్టి దానిని, అద్దపు పైభాగమును పొడిగుడ్డతో శుభ్రపరచి, అద్దముతోనే స్కాను చేయుట మేలు. జిగురుపుటపైనున్నది ఊడిరానిచో పుటతోనే స్కాను చేయవలెను. చినిగిన చోట సెలోఫేన్ టేపు అంటించుట, భద్రతకని లామినేషను చేయించుట ఉపకారముగా తోచు అపకారములు. వెనుకవైపు బాల్‌పెన్నుతో వ్రాయక మెత్తని పెన్సిలుతో సంఖ్య వేయవలెను. పెన్సిలు పట్టని కాగితమైనచో కవరుపై ముందుగా వ్రాసి చిత్రమును అందులో నుంచవలెను.

స్కాను చేయునపుడు ఫొటోకు అంగుళమునకు 600 చుక్కలు చాలును. చిన్నవైన ఫిల్ము నెగెటివులకు 2,400 అయినను కావలెను. నలుపు తెలుపు చిత్రమునైనను రంగుల పద్ధతిలో స్కాను చేసినచో దాని మరకలు, వెలిసిన వన్నె ఉన్నవున్నట్లు నమోదగును. నాలుగంగుళముల వెడల్పు, ఆరంగుళముల పొడవుగల ఫొటోలో అప్పుడు 86,40,000 చుక్కలుండును. దానిని టిఫ్ రూపమున దాచిన సుమారు 26 మెగాబైట్లగును. వేయి ఫొటోలకు 26 గిగాబైట్లు. బంధువులకు పంపుటకు జేపెగ్ రూపమున చిన్నప్రతి తీయవచ్చునుగాని, దిద్దని మూలప్రతిని వేరుగా ఉంచవలెను. ప్రతి ఫైలు పేరున ఇంటిపేరు, సంవత్సరము, వరుససంఖ్య ఉండి, అదే సంఖ్య ఫొటో వెనుకను, పేర్ల పుస్తకమునను ఉండవలెను.

స్కాను చేయుటతో పని ముగిసినదని తలచుట పొరపాటు. తాటాకు శతాబ్దములు నిలిచినది. హార్డుడిస్కు కొన్ని సంవత్సరములకే చెడవచ్చును. అందుచే మూడుప్రతులు, రెండువిధములైన సాధనములు, అందొక ప్రతి వేరొక ఊర అను నియమము లోకమున ప్రచారమున నున్నది. ఒక ప్రతి ఇంట, ఒకటి గ్రంథాలయమున, మరియొకటి దూరమున నున్న కుమార్తె యింటనో అంతర్జాలపు నిల్వలోనో ఉన్నచో ఒక్క ఉప్పెన అన్నింటిని హరింపజాలదు. ఏడాదికొకసారి తెరచి చూచి, ఐదారేండ్లకొకసారి క్రొత్త డిస్కునకు ఎత్తవలెను. స్కాను ఐనదని మూలచిత్రమును పారవేయరాదు. కాగితపు కవరులో, గాలి ఆడు పొడిచోట, నేలకును వెలుపలిగోడకును దూరముగా దాచవలెను.

ఈ పనికి గ్రామగ్రంథాలయముకంటె తగిన స్థానము లేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము ఏర్పడిననాటినుండి గ్రంథాలయమన్నది పుస్తకముల కొట్టుగాక ప్రజల సొత్తుగా భావింపబడినది. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వతనికేతనము పాత పత్రికలను పదిలపరచి పరిశోధకులకు ఆశ్రయమైనది. 1935లో పాతూరి నాగభూషణము పడవపై గ్రంథములను కాలువవెంట పాఠకులకడకు పంపెను. నేడు స్కానరును ఇంటింటికి కొనిపోవుట అట్టి సేవయే. విలువైన చిత్రమును గడపదాటింప పెద్దలు జంకుట సహజము. వారి కన్నులముందే స్కాను చేసి, మూలమును వెంటనే వారి చేతికిచ్చి, ఒక ప్రతిని గ్రంథాలయమున ఉంచుటకు అనుమతి కోరవలెను. కాదన్నచో ఆ మాటను మన్నింపవలెను.

రజతోత్సవ సమయమున సభ్యులు ఇట్టి సంపుటమునకు శ్రీకారము చుట్టుట సముచితము. స్కానరు వచ్చువరకు ఆగవలసిన పనియు లేదు. నేటి సాయంకాలమే ఆల్బము తెరచి, ఇంటిలోని ముసలమ్మ ప్రక్కన కూర్చుండి, “ఈ కుర్చీలో నున్నవారెవరు?” అని యడిగి, ఆమె చెప్పిన పేరు వ్రాసికొన్నచో పనిలో ముఖ్యభాగము నెరవేరినట్లే. ఆ పేరు రేపు దొరకునో లేదో యెవరికెరుక!