ఒక్క యక్షరము మాఱినంతనే



చరిత్ర యనఁగా రాజుల యుద్ధములే యని మన యలవాటు. నెత్తుటి కణములకును చరిత్ర గలదు. అందొక ఘట్టమును నేఁడు మనవి చేసెదను.

1950వ సంవత్సరమున లండనునందు, గాయమైనచో నెత్తురు గట్టని వ్యాధిగల యొక రోగికి పలుమార్లు పరుల రక్తము నెక్కించిరి. అతని నెత్తుటిలో నదివఱ కెఱుఁగని ప్రతిరక్షకము కనఁబడెను. మేరీ కట్‌బుష్, మాలిసను మొదలగువారు దానిని పరీక్షించి, యా రోగి పేరుననే యొక రక్తవర్గమునకు 'డఫీ' యని పేరిడిరి. పడమటి ఆఫ్రికాలో నించుమించుగా నెవ్వరి యెఱ్ఱకణములపైనను ఈ డఫీ గుర్తు లేదని పిమ్మటఁ దెలిసెను.

లేకున్న నష్టమేమి? నష్టము మాట యటుండఁగా, లాభమే కలదని 1976లో లూయీ మిల్లరును, ఆయన సహచరులును చూపిరి. వైవాక్సు అను మలేరియా పురుగు వారి నంటలేదు. మన దేశమున చలిజ్వరము దెచ్చు పురుగులలో నదియు ముఖ్యమైనదే. ఎఱ్ఱకణములోనికి జొచ్చుటకు దానికి డఫీయే ద్వారము. ద్వారమే లేని యింట దొంగ యెట్లు జొచ్చును? అయినను దొంగ దొంగయే. మడగాస్కరు ద్వీపమున నట్టివారికిని ఈ జ్వరము వచ్చుచున్నదని 2010లో వెల్లడియయ్యెను. కన్నము వేయుట యా పురుగునకును దెలిసినట్లున్నది.

దేహము ఈ ద్వారమును దొంగకొఱకుఁ గట్టుకొనలేదు గదా! దెబ్బ తగిలినచోటికి తెల్లకణములను రప్పించు పిలుపులు కొన్ని నెత్తుటిలోఁ దిరుగుచుండును. వానిని కీమోకైను లందురు. వానిని బట్టుకొను గ్రాహకమే డఫీ యని 1993లోఁ దేలినది.

మఱి యీ గ్రాహక మేల లోపించెను? జన్యువు చెడెనా? ఇచ్చటనే విశేషమున్నది. 1995లో ప్యారిసు నగరమున టూర్నమీ, కార్ట్రాను మొదలగువారు పరిశీలింపఁగా జన్యువు సలక్షణముగా నుండెను. ప్రతి జన్యువునకు ముందు కొంత పీఠిక యుండును. ప్రతిలేఖన కారకములను మాంసకృత్తులు దానిపైఁ గూర్చుండి, జన్యువును జదివింపవలెనో వలదో నిర్ణయించును. ఎఱ్ఱకణములు పుట్టు తావున నా పని గాటా-1 అను కారకమునది. వీరి డఫీ పీఠికలో 'టి' యనుచోట 'సి' పడినది. అంతే. గాటా-1 కూర్చుండలేదు, జన్యువును జదువువారు లేరు. తాళపత్రమున శ్లోకము చెక్కుచెదరలేదు గాని చదువరి పీట విఱిగినది! చిన్న సిరల గోడలలోని కణములలో మఱికొన్ని కారకములున్నవి గనుక, అచ్చట నదే జన్యువు చక్కఁగాఁ జదువఁబడుచు డఫీ పుట్టుచునే యున్నది.

ఈ యక్షరముగల నల్లజాతివారి నెత్తుటిలోఁ దెల్లకణములు తక్కువగా లెక్కకు వచ్చుటకును ఇదియే హేతువని 2008లోఁ గనుఁగొనిరి. అది రోగము గాదు. కాని వైద్యులు ఐరోపావారి లెక్కనే కొలబద్దగాఁ బెట్టుకొనుటచే, ఆరోగ్యవంతులను రోగులని శంకించి, కొందఱికి వలసిన మందులను సయితము తగ్గించిరి, ఆపిరి. ఇప్పు డిప్పుడే కొన్ని వైద్యశాలలు డఫీ లేనివారికి వేఱుగా లెక్కలు గట్టుచున్నవి.