సోలాపూర్ దాకా నడిసచ్చిన ముసలాయన: కామాటిపుర కూలి తాత జాడ

మా తాతకు తాత గురించి మా ఇంట్లో మిగిలింది మూడంటే మూడు ముక్కలు. మా బాపమ్మ చెప్పేది: “ముసలాయన సోలాపూర్ దాకా నడిసచ్చిండట. ఆడికెళ్లి రైలెక్కిండట. కోట గోడలు పడగొట్టే పనిల జేరిండట.” ఆమెకు ఈ సంగతి చెప్పింది వాళ్ల అత్త. ఆ అత్త ముసలాయనకు కోడలు, ఆయన చేతికి అన్నం పెట్టిన మనిషి. అంటే ఆయన నోటి నుంచి నా చెవి దాకా మధ్యన ఉన్నది ఇద్దరు ఆడవాళ్లే.

చిన్నప్పుడు దీన్ని కథలాగే విన్నాను. బాపమ్మ పోయిన తర్వాత కాగితాల కోసం వెతికితే తాత ట్రంకు పెట్టెలో ఆయన బడి దాఖలా ఒక్కటి దొరికింది. మరాఠీలో ఉంది. జాత అన్న చోట ‘కామాఠీ’ అని రాసి ఉంది. అంతే. ఊరి పేరు లేదు.

కామాఠీ అనేది కులం పేరు కాదు. మన భాషలో కామాటి అంటే మట్టి పని, కూలి పని చేసేవాడు. నిజాం ఇలాకా నుంచి ముంబైకి పనికొచ్చిన తెలుగోళ్లలో చాలా కులాలున్నాయి. మున్నూరు కాపులున్నరు, పద్మశాలీలున్నరు, ఇంకా ఎందరో. ముంబై వాళ్లందరినీ ఒకే మాటతో పిలిచింది. 18వ శతాబ్దం చివర హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో సముద్రపు నీళ్లు ఆగాక, పల్లపు నేలను పూడుస్తూ పోయారు. ఆ నేల మీద మనవాళ్లు గుడిసెలు వేసుకున్న చోటే కామాటిపుర. పని పేరు మనిషికి పడింది, మనిషి నుంచి పేటకు పడింది. సర్కారు రాతల్లో చివరికి కులం గడిలోకీ ఎక్కింది.

కాగితం ఇంతకంటే చెప్పదని తేలాక, బాపమ్మ మాటనే పట్టుకుని కూర్చున్నాను. అందులో తారీఖు లేదు గానీ, ఒక రైలుంది, ఒక గోడుంది.

మొదట రైలు. ముంబై నుంచి ఠాణాకు మొదటి రైలు నడిచింది 1853లో. సోలాపూర్‌కు రైలు వచ్చింది 1860లో. అయితే మధ్యలో భోర్ ఘాట్ ఎక్కే దారి ఇంకా కాలేదు. అది 1863లో తెరిచాకే సోలాపూర్‌లో ఎక్కినవాడు ఘాటులో దిగకుండా ముంబై చేరగలిగాడు. ఇక 1871కల్లా రైలు రాయచూరు దాకా పోయింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను పడింది. ఆ తర్వాత మన దిక్కు నుంచి బయల్దేరినవాడు సోలాపూర్ దాకా కాళ్లరగదీసుకోవాల్సిన పని లేదు. కాబట్టి ‘సోలాపూర్ దాకా నడిసి’ అన్న ఒక్క ముక్క ముసలాయన రాకను ఇంచుమించు 1863కూ 1870కీ నడుమ నిలబెడుతుంది.

తర్వాత గోడ. బార్టిల్ ఫ్రియర్ గవర్నరుగా ఉన్నది 1862 నుంచి 1867 వరకు. ముంబై కోట గోడలు కూలగొట్టించింది ఆ కాలంలోనే. ఇప్పుడు మనం లోకల్ ఎక్కే చర్చ్‌గేట్ పేరు ఆ కోట ద్వారాలలో ఒకదానిదే. రైలు లెక్క, గోడ లెక్క రెండూ ఒక్కచోటే కలిసినయి. సదువు రాని ముగ్గురు మనుషులు నోటితో మోసుకొచ్చిన మాట నూటయాభై ఏండ్ల తర్వాత కూడా తప్పలేదు. ఆ రోజు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఆయన దిగిన ముంబై ఎట్లాంటిది? అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది, ఇంగ్లండు మిల్లులకు ఇక్కడి పత్తి కావాలి. పత్తి డబ్బుతో ఊరంతా కట్టుబడి పనులే. యుద్ధం 1865లో ఆగిపోగానే ధర పడింది, బ్యాంకులు మునిగాయి. జనాభా లెక్కలు చూస్తే తెలుస్తుంది: 1864లో 8,16,562 మంది, 1872లో 6,44,405 మంది. పని పోయిన కూలోళ్లు ఎంతమంది మూట కట్టుకుని తిరిగిపోయి ఉంటారో! మా ముసలాయన ఉండిపోయాడు. ఎందుకున్నాడో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఉండబట్టే మేం ముంబైవాళ్లమయ్యాం.

ఆ కాలపు ముంబై తెలుగువాళ్లలో కొందరి పేర్లు చరిత్రలో ఉన్నాయి. వెంకు బాళోజీ కాళేవార్, జాయా కారాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి కాంట్రాక్టర్లు జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. అది మనం గర్వపడాల్సిన సంగతే. కానీ తట్ట నెత్తిన పెట్టుకున్నవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. జనాభా లెక్కలో వాళ్లు ఒక అంకె మాత్రమే.

ఇక ఊరి సంగతి. దానికి కాగితం లేదు గనుక బాపమ్మ నోటినే సాక్ష్యానికి పిలిచాను. ఆమె ‘వచ్చిండు’ అనేది కాదు, ‘అచ్చిండు’ అనేది. ‘వస్త’ అనకుండా ‘అస్త’ అనేది. మేం తండ్రిని ‘బాపు’ అంటాం, తండ్రి తల్లిని ‘బాపమ్మ’ అంటాం. బడిలో నా దోస్తులు ఇది మరాఠీ ‘బాప్’ నుంచి వచ్చిందనుకునేవాళ్లు. చాన్నాళ్లు నేనూ అట్లనే అనుకున్నా. కానీ ముంబై మొహం చూడని కరీంనగర్ పల్లెల్లో కూడా తండ్రి బాపే. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు ‘నాయిన’ ఎక్కువ వినిపిస్తుంది. పైగా మా ఇంట్లో పుట్టువెంట్రుకలు ఎప్పుడూ వేములవాడ రాజన్నకే. రాజన్న దగ్గరికి తెలంగాణ నలుమూలల నుంచీ వస్తారు కాబట్టి ఆ ఒక్కటే చాలదు. మూడూ కలిపితే వేలు ఉత్తర తెలంగాణ వైపే చూపిస్తోంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘అచ్చిండు’ ముసలాయనదేనా, తర్వాత ఆ దిక్కు నుంచి వచ్చిన కోడండ్లదా? ఇంటి భాషను పిల్లలకు నేర్పేది ఆడవాళ్లు. అందుకే నాకు తోచింది ఇది: వంశవృక్షం మగవాళ్ల పేర్లతో గీస్తాం గానీ, యాస వెంట పోతే దొరికేది ఆడవాళ్ల పుట్టిళ్లు. మా ఇంట్లో పిల్లనిచ్చి పుచ్చుకునేది తరతరాలుగా ఆ దిక్కుతోనే గనుక, రెండు దారులూ ఒకే సీమకు చేరుతున్నాయి.

ఇంటిపేర్లను కూడా ఇట్లనే చదవొచ్చు. మామిడ్వార్, చింతావార్, పుప్పల్వార్ అని మహారాష్ట్రలో వినబడితే మరాఠీ పేర్లనుకుంటాం. చివరి ‘వార్’ మన ‘వారు’. మామిడివారు, చింతవారు, పుప్పాలవారు. ఆ తోక తీసి చూస్తే తెలుగు ఇల్లు బయటపడుతుంది.

చివరగా ఒక ఇంటి గుట్టు చెప్తా. మా బాపు ఎవరైనా అడ్రసు అడిగితే ‘ముంబై సెంట్రల్ దగ్గర’ అనేవాడు. కామాటిపుర అనేవాడు కాదు. ఎందుకో మీకు తెలుసు. ఆ పేట పేరు చెప్తే జనం మొహంలో మారే రంగు ఆయన భరించలేకపోయేవాడు. కోట గోడ పడగొట్టినోళ్ల పేరు మీద వెలసిన పేటను, వాళ్ల మునిమనవడే పలకలేకపోయాడు. ఇప్పుడు పాత చాళ్లు తీసేసి కొత్త బిల్డింగులు కట్టే ప్రయత్నం నడుస్తోంది. గోడలు పోతే పోనీ, మనవాళ్లు గోడలు పడగొట్టినోళ్లే, కట్టినోళ్లే. మాటలు పోతే మాత్రం మళ్లీ రావు.

మీ ఇంట్లో ముసలివాళ్లుంటే ఈ అయితారమే పక్కన కూర్చోండి. ‘మనది ఏ ఊరు’ అని అడిగితే ‘ఏమో బిడ్డా’ అంటారు. అట్లా కాకుండా ఇట్ల అడగండి: మనోళ్లు ఎట్ల అచ్చిండ్రు? నడిసా, బండా, రైలా? ఏం పని జేసిండ్రు? మొక్కు ఏ దేవునికి? నీ అత్తది ఏ ఊరు? వాళ్లు చెప్పింది చెప్పినట్టే, వాళ్ల యాసలోనే రాసుకోండి. దిద్దకండి. నేను ‘అచ్చిండు’ను ‘వచ్చాడు’ అని దిద్ది రాసుకుని ఉంటే మా ముసలాయన ఊరి దారి అక్కడే మూసుకుపోయేది.